పాత లేత్‌కి ట్రావెల్ డయల్ బిగించిన కేసు: చక్రం ఎక్కడ దొర్లాలన్నదే అసలు పని

హైదరాబాద్ బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు. మూడు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక పిల్లర్ డ్రిల్లింగ్. ఈ కేసు అందులో ఆరడుగుల లేత్‌కి ట్రావెల్ డయల్, అంటే టూల్ పొడుగునా ఎంత నడిచిందో చూపే ముల్లు సాధనం, బిగించడం గురించి. వయసు మళ్ళిన మెషిన్. స్పిండిల్ బాగుంది, క్రాస్ స్లైడ్ డయల్ నమ్మదగినదే. కానీ మన దగ్గర తిరిగే చాలా పాత లేత్‌ల మాదిరిగానే దీని క్యారేజ్‌ని (టూల్‌ని మోస్తూ లేత్ పొడుగునా నడిచే భాగం) తిప్పే చేతి చక్రానికి గీతలు లేవు. వ్యాసం ఎంత తగ్గించామో మెషినే చెబుతుంది. పొడవు ఎంత వచ్చిందో మాత్రం ఆపి కొలుచుకోవాలి.

మామూలు పనులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. గేర్‌బాక్స్ షాఫ్ట్‌ల ఆర్డర్ వచ్చినప్పుడు ఇబ్బంది మొదలైంది. ఈఎన్‌8 స్టీల్, పెద్ద వ్యాసం 50 మి.మీ., ఒకే చివర నుంచి ఐదు స్టెప్పులు: 42, 78, 131.5, 206, 264 మి.మీ. ప్రతి షోల్డర్‌కీ (స్టెప్ మారే చోట వచ్చే నిలువు ముఖం) టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, ప్లస్ ఆర్ మైనస్ 0.1. మొదటి బ్యాచ్ నలభై ముక్కలు.

మా టర్నర్‌కి ఈ పనిలో ముప్పై ఏళ్ళ అనుభవం. ఆయన పద్ధతి ఇది: వెర్నియర్‌తో కొలిచి టూల్ మొనతో సన్నని గీత పెట్టుకోవడం, ఆ గీతకి అర మిల్లీమీటర్ ఇవతల రఫ్ ఆపడం, మెషిన్ ఆపి మళ్ళీ కొలవడం, మిగిలింది కాంపౌండ్ స్లైడ్‌తో (క్యారేజ్ మీద టూల్‌ని విడిగా జరిపే చిన్న స్లైడ్) తీయడం. ఒక ముక్కకి పది పన్నెండు సార్లు మెషిన్ ఆగేది. అయినా మొదటి ఎనిమిది ముక్కల్లో రెండిటికి 264 పొడవు తక్కువ పడింది. వెర్నియర్ తప్పు చూపిస్తోందేమోనని నేను అనుమానపడ్డాను.

"వెర్నియర్ ఎందుకు అబద్ధం చెబుతుంది బాబూ? నువ్వు కొలిచింది వేడి మీద" అన్నారాయన.

నిజమే. స్టీల్ మీటరుకి, ఒక్కో డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. జాబ్ (చేస్తున్న ముక్క) గదికంటే 30 డిగ్రీలు వేడిగా ఉంటే 264 మి.మీ. పొడవు దాదాపు 0.09 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. సరిపోయిందనుకుని వదిలిన ముక్క చల్లారాక పొట్టిదవుతుంది. టాలరెన్స్ అంతా అందులోనే పోతోంది. ఇది ఏ ఇండికేటర్ పెట్టినా పోని సమస్య, అందుకే ముందే చెబుతున్నాను. ఫినిష్‌కి ముందు జాబ్‌ని చల్లారనివ్వడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాం.

డయల్ ఎలా దొరికింది

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది బెడ్‌కి (క్యారేజ్ నడిచే పొడవాటి పోత ఇనుప దిమ్మ) బిగించే స్టాప్, దానికి 50 మి.మీ. ట్రావెల్ ఉన్న డయల్ గేజ్. చిన్న జాబ్‌లకి ఇది చాలా మంచిది, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ 264 మి.మీ.కి స్టాప్‌ని జరుపుతూ, మధ్యలో రాడ్ ముక్కలు పెడుతూ పోవాలి. రెండోది డిజిటల్ రీడౌట్. డబ్బు ఉన్నవాళ్ళకి, రెండు అక్షాలూ కావాలనుకునేవాళ్ళకి అదే సరైనదని నా అభిప్రాయం. నాకు కావలసింది ఒక్క పొడవే.

మూడోది స్క్రాప్‌లో కనబడింది. విదేశాల నుంచి వచ్చిన పాత మెషిన్‌లు విడగొట్టే చోట, ఒక విరిగిన శాడిల్ (క్యారేజ్‌లో బెడ్ మీద కూర్చునే భాగం) మీద ఈ యాంత్రిక ట్రావెల్ డయల్ బిగించి ఉంది. అమెరికాలో సౌత్‌వెస్టర్న్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ ట్రావ్-ఎ-డయల్ పేరుతో ప్రసిద్ధం చేసిన రకం ఇది. నాకు దొరికిన దాని మీద పేరు పలక లేదు. కరెంటు అక్కర్లేదు, స్కేలు ఉండదు. ఒక గట్టి చక్రం బెడ్ మీద రాపిడితో దొర్లుతుంది. ఆ తిరుగుడును లోపలి పళ్ళచక్రాలు పెంచి ముల్లుకి అందిస్తాయి. నాది అంగుళాల డయల్: గీతకి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మి.మీ.), పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే 100 థౌలు, చిన్న ముల్లు ఒక చుట్టుకి 10 అంగుళాలు.

డ్రాయింగ్ మి.మీ.లో, డయల్ అంగుళాల్లో. మా టర్నర్‌కి ఇది ఇబ్బందేమీ కాలేదు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, మా షెడ్డులో థౌ, సూత్ అనే అంగుళాల నాటి మాటలు రోజూ వినబడతాయి.

ఈ సాధనంలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఇది క్యారేజ్‌ని నడిపే ర్యాక్‌నీ (బెడ్‌కి బిగించిన పళ్ళ పట్టీ) పినియన్‌నీ (దాని మీద తిరిగే పళ్ళచక్రం) పట్టించుకోదు. క్యారేజ్ చక్రానికి గీతల రింగు తొడిగితే, పినియన్‌కీ ర్యాక్‌కీ మధ్య ఉన్న లూజంతా కొలతలోకి వచ్చేస్తుంది. ఇక్కడ కొలత శాడిల్ నుంచి నేరుగా బెడ్ మీదికే. మధ్యలో అరిగిన భాగం ఒక్కటీ లేదు.

మొదటి బిగింపు, ఎందుకు పీకేశానంటే

శాడిల్ కుడి రెక్క చివర వైపర్ పట్టీ బిగించే రెండు ఎం6 రంధ్రాలున్నాయి. వాటికే 6 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేట్‌తో బ్రాకెట్ చేసి, చక్రాన్ని టెయిల్‌స్టాక్ (జాబ్ కుడి చివరని సెంటర్ మొనతో ఆనించే భాగం) నడిచే చదును దారి మీద దొర్లించాను. ఆ దారి శాడిల్ దారి అంత అరగదు, గ్రైండ్ చేసిన ముఖం, డయల్ కూడా మనిషికి ఎదురుగా ఉంటుంది. గంటన్నరలో పని అయిపోయింది. చాలా సంతోషంగా అనిపించింది.

రెండు రోజుల్లో రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, ఈ షాఫ్ట్‌లకి టెయిల్‌స్టాక్ సెంటర్ తప్పనిసరి. మొదటి స్టెప్ 42 మి.మీ. దగ్గర ఉన్నప్పుడు టెయిల్‌స్టాక్ వచ్చి డయల్‌కి తగులుతోంది. టెయిల్‌స్టాక్ స్లీవ్‌ని పూర్తిగా బయటికి తీసి సర్దుకోవచ్చు గానీ, అంత పొడుగ్గా సాచిన స్లీవ్‌తో షాఫ్ట్‌కి పట్టు ఉండదు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. జీరో నిలవడం లేదు. శాడిల్‌ని చక్ (ఎడమ చివర జాబ్‌ని పట్టి తిప్పే భాగం) దాకా తీసుకెళ్ళి మళ్ళీ అదే స్టాప్‌కి తెస్తే ముల్లు రెండు థౌలు, ఒక్కోసారి నాలుగు థౌలు పక్కన ఆగుతోంది. చక్రం జారుతోందనుకుని దాన్ని బెడ్‌కి నొక్కే స్ప్రింగ్ బిగించాను. తేడా ఇంకా పెరిగింది. అప్పుడు బ్రాకెట్ పక్కన ఒక చిన్న డయల్ గేజ్ ఆనించి చూస్తే అసలు సంగతి తెలిసింది. శాడిల్ ఎటు నడిస్తే బ్రాకెట్ దానికి వ్యతిరేక దిశలో వంగుతోంది. స్ప్రింగ్ బిగించేకొద్దీ ప్లేట్ ఇంకా వంగుతోంది. 6 మి.మీ. ప్లేట్ చేతికి గట్టిగానే అనిపిస్తుంది. థౌల లెక్కలో అది వంగే రేకే.

దారి మార్చడం

చక్రానికి టెయిల్‌స్టాక్ అడ్డురాని చోటు కావాలి. మిగిలింది బెడ్ ముందు నిలువు ముఖం, ముందు కీప్ ప్లేట్‌కి (శాడిల్ పైకి లేవకుండా బెడ్ కింద పట్టుకునే పట్టీ) కింద, ర్యాక్‌కి పైన ఉన్న ఖాళీ. రంగు గీకి చూస్తే రంగు కింద పుట్టీ, పుట్టీ కింద గరుకు పోత ఇనుము. చక్రం దొర్లడానికి పనికిరాని ముఖం. కాబట్టి అక్కడ ఒక పట్టీ బిగించాలి.

శాడిల్ నడిచేటప్పుడు ఆప్రాన్ (శాడిల్ ముందు కిందికి వేలాడే పెట్టె) వెనక భాగం ఈ పట్టీకి తగలకూడదు. లోపల ఫీలర్ గేజ్ పట్టే వీలు లేదు. బెడ్ మీద నాలుగు చోట్ల మైనం ముద్దలు అంటించి, శాడిల్‌ని చేత్తో మెల్లగా నడిపాను. నలిగిన ముద్దలు తీసి కొలిస్తే తక్కువలో తక్కువ ఖాళీ 9 మి.మీ. వచ్చింది. పట్టీ మందం 6 అనుకున్నాం.

ఓహెచ్‌ఎన్‌ఎస్ (ఒక రకం టూల్ స్టీల్) పట్టీ, 20 వెడల్పు, 6 మందం, 700 పొడవు. హార్డ్ చేయించాలని మొదట అనుకున్నాను. అంత పొడుగు సన్నని పట్టీ క్వెంచ్‌లో (కాల్చి ఒక్కసారిగా చల్లార్చడంలో) అరటి ఆకులా వంగిపోతుందని గ్రైండింగ్ షాపు అతను వద్దన్నాడు. మెత్తగానే ఉంచి రెండు ముఖాలూ గ్రైండ్ చేయించాం. రెండు ముక్కలు కలిపి వేయడం సులువే గానీ, అతుకు దగ్గర చక్రం ఎక్కి దిగుతుంది. ఒకే ముక్క ఉండాలని పట్టుబట్టాను.

బెడ్‌లో డ్రిల్ దించాలంటే చెయ్యి ఆడలేదు. ఒక రోజంతా ఆలోచించాను. చివరికి ఆ ముఖం ఏ కదిలే భాగానికీ ఆధారం కాదు కాబట్టి, ఐదు చోట్ల ఎం4 ట్యాప్ చేసి, కౌంటర్‌సింక్ స్క్రూలతో బిగించాను. పట్టీ వెనక సన్నగా ఎపాక్సీ పూశాను. బిగించే ముందు డయల్ గేజ్‌ని శాడిల్‌కి అతికించి పట్టీ పొడుగునా నడిపి, స్క్రూలు ఒక్కొక్కటే బిగిస్తూ, ముల్లు 0.05 మి.మీ. దాటకుండా సర్దాను. ఎపాక్సీ ఆరేలోపు చేయాల్సిన పని ఇది. స్క్రూ తలలు పట్టీ మధ్యలో ఉన్నాయి, చక్రం పై అంచుకి దగ్గరగా దొర్లుతుంది.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. పట్టీ నిడివిలో మెల్లగా వచ్చే 0.05 వంపు కొలతని పాడుచేయదు. 700 మి.మీ.లో అంత వంపుకి దారి పొడవు పెరిగేది లెక్కలోకి రానంత తక్కువ. నేను దాన్ని సర్దింది స్ప్రింగ్ ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండాలని. కొలతని నిజంగా చెడగొట్టేవి చిన్న గుంటలు, గీతలు, అంటుకున్న చిప్స్.

బ్రాకెట్ ఈసారి 16 మి.మీ. మందం కోణం ముక్క, ఆప్రాన్ కుడి పక్కకి రెండు ఎం8 బోల్టులు. ఒక బోల్టు ఇరుసులా పనిచేస్తుంది. 60 మి.మీ. దూరంలో ఉన్న రెండోదానికి రంధ్రం బదులు నిలువు గాడి. ఆ గాడి ఎందుకో తర్వాత చెబుతాను. చక్రం ఇరుసు ఇప్పుడు నిలువుగా ఉంది కాబట్టి డయల్ ముఖం పైకి చూస్తుంది. కూలెంట్ నేరుగా దాని మీదే పడుతుంది. యాక్రిలిక్ మూత ఒకటి చేశాం. చక్రానికి అటూ ఇటూ ఫెల్ట్ ముక్కలు, పట్టీని తుడుస్తూ నడిచేలా. సన్నని నూనె పొర వల్ల నాకు తేడా కనబడలేదు. ఫెల్ట్ లేకుండా ఒక్క గంట నడిపినా కనబడింది.

సరిచూడటం

దీనికి నా దగ్గర ఉన్న మంచి ప్రమాణం మైక్రోమీటర్ సెట్‌తో వచ్చిన 250 మి.మీ. సెట్టింగ్ రాడ్. బెడ్ మీద మ్యాగ్నెటిక్ స్టాండ్, దానికి చిన్న డయల్ గేజ్. శాడిల్‌కీ ఆ గేజ్‌కీ మధ్య రాడ్ ఆనించి రెండు డయల్‌లూ జీరో చేయాలి. శాడిల్‌ని కాస్త వెనక్కి జరిపి రాడ్ తీసేయాలి. ఇప్పుడు శాడిల్‌నే గేజ్‌కి ఆనించి అది మళ్ళీ జీరో చూపేదాకా నడపాలి. శాడిల్ నడిచింది కచ్చితంగా 250 మి.మీ., అంటే 9.8425 అంగుళాలు. రాడ్‌ని చేత్తో ఎక్కువసేపు పట్టుకోకూడదు, గుడ్డతో పట్టుకున్నాం.

ట్రావెల్ డయల్ 9.8465 చూపింది. నాలుగు థౌలు ఎక్కువ. ఐదుసార్లు చేశాను, అర థౌ అటూ ఇటూ అదే వచ్చింది. అంటే ఇది జారడం కాదు, చక్రం చుట్టుకొలత రవ్వంత తక్కువైంది. అరుగుదల కావచ్చు. ఈ రకం సాధనంలో వ్యాసం ఎంత సున్నితమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. చుట్టుకొలత 100 మి.మీ. కావాలంటే వ్యాసం 31.831 ఉండాలి. అదే 31.82 అయితే, ఆ ఒక్క శతాంశం తేడాకి 250 మి.మీ.లో 0.09 దాకా తప్పు వస్తుంది. అంత కచ్చితంగా చక్రాన్ని గ్రైండ్ చేయడం నా తరం కాదు.

చేయక్కర్లేదు కూడా. చక్రాన్ని నడక దిశకి కొద్దిగా ఏటవాలుగా పెడితే, అది నడిచిన దూరంలో ఆ కోణం కొసైన్ వంతే తిరుగుతుంది, మిగిలింది పక్కకి జారుతుంది. అంటే ఎక్కువ చూపే చక్రాన్ని ఏటవాలుతో తగ్గించవచ్చు. తక్కువ చూపేదాన్ని పెంచలేం. మాది ఎక్కువ చూపించడం అదృష్టం. నాలుగు థౌలు తగ్గాలంటే కోణం 1.63 డిగ్రీలు. 60 మి.మీ. దూరంలో ఉన్న బోల్టుని సుమారు 1.7 మి.మీ. పైకి ఎత్తాలి. గాడి పెట్టింది అందుకే. కింద నుంచి ఒక సర్దుబాటు స్క్రూతో ఎత్తి, బోల్టు బిగించి, మళ్ళీ రాడ్ పెట్టి చూశాను. మూడో ప్రయత్నానికి 9.8425 మీద అర థౌలోపు వచ్చింది. ఏటవాలు చక్రం బ్రాకెట్‌ని పక్కకి నెడుతుంది కాబట్టి 6 మి.మీ. ప్లేట్ మీద ఈ పని అసలు నిలిచేది కాదు.

తర్వాత జీరో పరీక్ష. మెల్లగా పది సార్లు, విసురుగా పది సార్లు చక్ దాకా వెళ్ళి స్టాప్‌కి తేవడం. మెల్లగా నడిపితే అర థౌ దాటలేదు. క్యారేజ్ చేతి చక్రాన్ని గిర్రున తిప్పి ఒక్కసారిగా ఆపితే ఒక థౌ పోతోంది. స్ప్రింగ్ పావు చుట్టు బిగిస్తే అదీ తగ్గింది.

చక్ దగ్గర మిగిలిన ఒక థౌ

బెడ్ మధ్యలో సరిచూసిన డయల్ చక్ దగ్గర చేసిన జాబ్‌లో ఒక థౌ తేడా ఇచ్చింది. ఇక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివిన స్నేహితుడు సాయపడ్డాడు. ఆ సంస్థ 1968 నుంచి మా బాలానగర్‌లోనే ఉంది. ఇలాంటి చిక్కులు అక్కడ చదివినవాళ్ళతో మాట్లాడితే త్వరగా తేలతాయి. అతను అడిగిన మొదటి ప్రశ్న: "టూల్ మొనకీ నీ పట్టీకీ ఎత్తు తేడా ఎంత?"

190 మి.మీ. కొలిచే గీత, కొలవబడే గీత ఒకే వరసలో ఉండాలని ఎర్నస్ట్ అబ్బే 1890లో చెప్పిన సూత్రం. వరస తప్పితే, మధ్యలో ఉన్న వస్తువు ఏ కాస్త వంగినా అది కొలతలో తప్పుగా వస్తుంది. మా శాడిల్ మీద 0.02 మి.మీ./మీటర్ స్పిరిట్ లెవెల్‌ని బెడ్ నిడివిన పెట్టి నడిపాం. చక్ దగ్గరికి వచ్చేసరికి బుడగ ఏడు గీతలు జరిగింది. మీటరుకి 0.14. బెడ్ అక్కడ అరిగింది, శాడిల్ ముక్కు వంచుతోంది. 190 మి.మీ. ఎత్తుకి అది 0.027, అంటే సరిగ్గా ఆ ఒక థౌ. తప్పు డయల్‌ది కాదు, బెడ్‌ది. దాన్ని ఈ బ్రాకెట్‌తో సరిచేయలేం. పని ఎక్కడ జరుగుతుందో అక్కడే రాడ్ పెట్టి సరిచూసుకుంటున్నాం.

డయల్ బయటపెట్టిన ఇంకో విషయం

ఇది నేను ఊహించలేదు. షోల్డర్ ముఖాన్ని క్రాస్ ఫీడ్‌తో ఫినిష్ చేసేటప్పుడు, క్యారేజ్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా ట్రావెల్ డయల్ ముల్లు మెల్లగా రెండు థౌలు వెనక్కి జరిగింది. కోత బలం శాడిల్‌ని కుడి వైపు నెడుతోంది. ఇన్నేళ్ళూ షోల్డర్ ముఖం కొంచెం వాలుగా రావడానికి టూల్ కోణాన్ని అనుమానించాం. క్యారేజ్ లాక్ బిగించి చేస్తే ముల్లు కదల్లేదు, ముఖం స్క్వేర్‌గా వచ్చింది. మా టర్నర్ ముల్లుని చాలాసేపు చూసి, "ఇది ముందే ఉండాల్సింది బాబూ" అన్నారు. లాక్ బిగించాలని ఆయనకి తెలియక కాదు. ఎంత జరుగుతోందో కంటికి కనబడటం వేరు.

ఇప్పుడు పని ఇలా నడుస్తోంది. టూల్ మొనని జాబ్ చివర ముఖానికి తాకించి డయల్ జీరో. టూల్ గానీ ఇన్సర్ట్ (టూల్ మొనకి బిగించే కోత ముక్క) గానీ మారితే మళ్ళీ జీరో, ఎందుకంటే డయల్‌కి తెలిసింది శాడిల్ నడక మాత్రమే, టూల్ మొన ఎక్కడుందో దానికి తెలియదు. కాంపౌండ్ స్లైడ్‌ని ముట్టుకోకూడదు, అదీ డయల్‌కి కనబడదు. ప్రతి షోల్డర్‌కీ కుడి నుంచి ఎడమకే రావాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి.

అంగుళాల చార్ట్ నేను దశాంశాల్లో రాశాను. మా టర్నర్ దాన్ని చుట్లు, గీతలుగా మార్పించారు. 42 మి.మీ.కి 16 చుట్లు 53 గీతలన్నర. 78కి 30 చుట్లు 71. 131.5కి 51 చుట్లు 77. 206కి 81 చుట్లు 10. 264కి 103 చుట్లు 94. చిన్న ముల్లు చుట్లు చూపిస్తుంది, పెద్దది గీతలు చూపిస్తుంది. లామినేట్ చేసి హెడ్‌స్టాక్‌కి అంటించాం. 264 దగ్గర చిన్న ముల్లు పది అంగుళాలు దాటి మళ్ళీ మొదలవుతుంది. అది గుర్తుండాలని ఆ వరసకి ఎర్ర గీత పెట్టాం.

మిగిలిన ముప్పై రెండు ముక్కల్లో పొడవు తప్పింది ఒక్కటి. ఆ రోజు టూల్ మార్చాక జీరో చేయడం మర్చిపోయాం. ముక్కకి పది పన్నెండు సార్లు ఆగే మెషిన్ ఇప్పుడు మూడు నాలుగు సార్లు ఆగుతోంది: టూల్ మార్పుకి, ఫినిష్‌కి ముందు చల్లారడానికి, చివరి కొలతకి.

చేసేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. డయల్ బ్రాకెట్ వెళ్ళి, బెడ్ కుడి చివర లీడ్‌స్క్రూని (క్యారేజ్‌ని నడిపే పొడుగు మరస్క్రూ) పట్టే బ్రాకెట్‌కి తగలకుండా బెడ్ మీద ఒక స్టాప్ తప్పకుండా పెట్టండి, ఆటో ఫీడ్‌లో మర్చిపోతే ఒక్క దెబ్బకి డయల్ పోతుంది. పట్టీని తుడిచేది స్పిండిల్ ఆగాకే, లీడ్‌స్క్రూ తిరుగుతున్నప్పుడు అక్కడ చెయ్యీ గుడ్డా పెట్టకూడదు.

మెత్తటి పట్టీ కదా, ఒక చిప్ నలిగి 206 షోల్డర్ వచ్చే చోట చిన్న నొక్కు పడింది. చక్రం దాని మీదుగా వెళ్తే ముల్లు సన్నగా వణుకుతుంది, జీరో మాత్రం మారడం లేదు. వచ్చే సర్వీసులో చక్రాన్ని 3 మి.మీ. కిందికి దించి పట్టీ మీద కొత్త దారిలో నడపాలనుకుంటున్నాం. స్క్రూ తలలకి ఇంకా 2 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఫెల్ట్ ముక్కలు నెలకోసారి మారుస్తున్నాం.